గజ్జె లేని గాలం

రాత్రిపూట చెరువు గట్టున కూర్చుని వాలుగ చేపను ఎలా పట్టాలో నాకు బాగా తెలుసు. ఏ ఎర పెట్టాలి, ఎక్కడ కూర్చోవాలి, దారం కదిలితే ఎంతసేపు ఓర్చుకోవాలి, అన్నీ చెప్పగలను. సిరిసిల్ల నేతవాడలో లంగాలు కుట్టుకుని బతికే ఆడదానికి ఈ విద్య ఎందుకమ్మా అని మీరు అడగొచ్చు. చేపల మీద మోజుతో నేర్చుకోలేదు. మా ఆయనను పట్టుకోవడానికి నేర్చుకున్నాను.

మా ఆయన సాంచెలు బాగుచేసే మేస్త్రి. కరెంటు మీద నడిచే మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటాం. ఏ షెడ్డులో సాంచె మొరాయించినా దాని ఆసామి ముందు మా ఆయనకే కబురు పెడతాడు. గుమ్మంలో నిలబడి చప్పుడు విని, లోపలికి అడుగు పెట్టకముందే ఎక్కడ ఏం వదులైందో చెప్పేస్తాడని పేరు. ఆ పేరు మీదే మా ఇల్లు నడిచింది, పిల్లలిద్దరూ హాస్టళ్లలో చదువుకుంటున్నారు.

మా వాడలో పగలంతా మోతే. చుట్టూ సాంచెలు, మధ్యలో నా కుట్టుమిషను. ఒక మాట అనాలంటే గొంతు చించుకోవాలి, లేదా చేతులతో సైగ చెయ్యాలి. షెడ్లలో పనిచేసేవాళ్లు ఒకరి పెదవులు ఒకరు చూసుకుంటూ మాట్లాడేసుకుంటారు. మొగుడూ పెళ్లాం కొట్లాడుకుంటున్నారో ఉప్పు డబ్బా అడుగుతున్నారో కొత్తగా వచ్చినవాళ్లకు తెలియదు. టీవీ పెట్టినా వీధి చివరికి వినిపించాల్సిందే.

అందుకే పెళ్లయిన కొత్తలోనే మాకొక అలవాటు పడింది. రాత్రి మా సందులో షెడ్లు ఆగిపోయి, లైటు ఆర్పి పడుకున్నాక మాట్లాడుకోవడం. పగలు అరిచి చెప్పలేనివన్నీ అప్పుడే. నేను ఎక్కువ మాట్లాడేదాన్ని, ఆయన ఊఁ కొట్టేవాడు, మధ్యలో ఒక ముక్క అని నవ్వించేవాడు. మిగతా సంసారం ఎలా ఉన్నా ఆ చీకట్లో మాత్రం నేను రాణిని. ఆయన నాకు చీరలూ నగలూ పెట్టలేదు గానీ, ఆ గంట మాత్రం ఎన్నడూ తప్పించలేదు.

కిందటి చలికాలంలో నాకు గర్భసంచి ఆపరేషన్ అయింది. కరీంనగర్‌లో చేయించారు. ఆయన బాగానే చూసుకున్నాడు, జావ కాచి ఇచ్చాడు, గిన్నెలు కడిగాడు. కానీ ఇంటికొచ్చాక రాత్రి మాటలు తగ్గాయి. నేనేదో చెప్తుంటాను, ఆయన ఊఁ అనడు. అన్నా, అనాల్సిన చోట అనడు. ఒక రాత్రి మనసులో దాచుకోలేక అడిగేశాను.

"ఆపరేషనైనంక నేను నీకు పనికిరానైతినా? నా మీద ఇంక మనసున్నదా, లేదా?"

ఎంత సిగ్గు చంపుకుని అడిగానో ఆడవాళ్లకే తెలుస్తుంది. ఆయన ఏమీ అనలేదు. కొంచెంసేపు ఆగి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. తెల్లవార్లూ నాకు నిద్ర లేదు.

ఎండాకాలం మొదట్లో కొత్త వేషం మొదలైంది. అన్నం తిని, నేను గిన్నెలు తోమి వచ్చి లైటు ఆర్పబోయే వేళకు చొక్కా వేసుకుని సంచి భుజాన తగిలించుకునేవాడు.

"యాడికి?" అన్నాను మొదటిరోజు. బయటికి పోయేవాణ్ని ఎక్కడికని అడగకూడదంటారు. అయినా అడిగాను.

"చెర్వుకు పోతున్న. వాలుగలు పడ్తున్నయట."

పెళ్లయినప్పటినుంచీ చూస్తున్నాను, మంచం కనిపిస్తే చాలు గురక పెట్టే మనిషి. దోమ కుడితే దుప్పటి కప్పుకునేవాడే గానీ లేచేవాడు కాదు. అలాంటివాడు చెరువు కట్ట మీద దోమల్లో కూర్చుని చేపలు పడతాడట! నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

అనుమానం పెనుభూతం అంటారు. కానీ ఊరికే రాదు కదా అది. ఒక్కొక్కటే పోగుచేశాను. ఫోన్ మోగితే ఎత్తడు, తర్వాత ఎక్కడో కూర్చుని మెసేజి పెడతాడు. మాట్లాడితే నేను వింటానని భయం కాకపోతే మెసేజి ఎందుకు? ఇంటికొచ్చేటప్పుడు చేతులు సబ్బు వాసన. చెరువు దగ్గర సబ్బుతో ఏం పని? అన్నిటికన్నా ముఖ్యం, పగలు నేను మాట్లాడుతుంటే నా ముఖంలోకే రెప్ప వేయకుండా చూసేవాడు. ఇన్నేళ్లలో ఎన్నడూ అంత శ్రద్ధగా చూసింది లేదు. తప్పు చేసిన మగవాడే పెళ్లాం ముఖం అంత శ్రద్ధగా చూస్తాడని నా లెక్క.

ఒకరోజు మిషను ఆపి, ఎదురుగా నిలబెట్టి కడిగేశాను. ఆయన బదులు చెప్పకుండా నా ముఖమే చూస్తూ నిలబడ్డాడు. విసుగొచ్చి, "నీకు జెప్పుడు, చెవిటోని ముంగట శంఖమూదుడు రెండూ ఒక్కటే!" అన్నాను. ఆయన ముఖం నల్లబడింది. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బయటికి పోయాడు. మాట తగిలిందంటే తప్పున్నట్టే అనుకుని అదీ పోగులో కలిపాను.

చేపలు తెచ్చేవాడు కాదా అంటే, తెచ్చేవాడు. రోజూ కాదు. మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదలైన రోజు, మా దగ్గర ప్రతి ఇంట్లో చేప తినాలి, ఆ రోజు బజారులో చేపల కోసం జనం కొట్టుకుంటారు. ఆ తెల్లవారుజామున మూరెడు వాలుగ తెచ్చి పెరట్లో పెట్టాడు. పొడుగాటి మీసాలు, వెడల్పు నోరు, ఒంటి మీద పొలుసన్నది లేదు, జిగట. వాడలో అందరూ చూసి మెచ్చుకున్నారు. నేను దాని పెదవి పట్టుకుని వెలుతురులో చూశాను. గాలానికి పడితే పెదవికి తూటు ఉండాలి, వలలో పడింది కొనుక్కొస్తే ఉండదు. తూటు ఉంది. అయితే ఏమిటి, దబ్బనంతో పొడిచి ఉండొచ్చు. బూడిద పట్టించి జిగట తోమి, చింతపండు పులుసు పెట్టాను. ఆయనా, సెలవులకు వచ్చిన పిల్లలూ లొట్టలేసుకుంటూ తిన్నారు, నాకు మాత్రం ముద్ద దిగలేదు.

చెరువు కట్ట కింద మలుపులో ఒకామె చిన్న హోటలు నడుపుతుంది. చాయ్, మిర్చి, రాత్రి పొద్దుపోయేదాకా ఆమ్లెట్లు. నాకన్నా చాలా చిన్నది. భర్త మస్కట్‌లో ఉంటాడు. ఇంతకన్నా ఏం కావాలి నాకు? ఒక సాయంత్రం ఎల్లంతకుంటలో లంగాలు ఇచ్చి వస్తూ, కావాలనే ఆ దారిన వచ్చి అక్కడ చాయ్ తాగాను. మాటల్లో మాటగా మా ఆయన ఊసు తెచ్చాను.

"సాంచెల మేస్త్రా? గాయినకు మస్తు పొగరక్కా!" అందామె. "ఎన్కనుంచి ఎంత పిలిచినా మల్లి సూడడు. 'అన్నా, జర చాయ్ తాగిపో' అని మొత్తుకుంటే, ఎవలో ఎవలనో పిలిచినట్టు పోతనే ఉంటడు. మాకేం గిరాకీ లేక సస్తున్నమా?"

నేనడగకుండానే ఆయన ఆమెతో మాట్లాడడని చెప్తోంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు లేదూ? చాయ్ సగంలో వదిలేసి ఇంటికొచ్చి కోరుట్లకు ఫోన్ చేశాను.

కోరుట్లలో మా తమ్ముడుంటాడు. కొన్నేళ్లు గల్ఫ్‌లో చేసి వచ్చి చికెన్ సెంటరు పెట్టుకున్నాడు. వాడికి గాలం పిచ్చి. వానలు పడితే మల్లాపూర్ వైపు చెరువుల మీదే వాడి కాపురం. వాళ్లావిడ వాణ్ని చేపల మొగుడని పిలుస్తుంది. ఫోన్లో అంతా చెప్పి ఏడ్చాను.

"ఏడ్వకక్కా. బావ నిజంగ శాపలకే పోతున్నడా లేదా నేను సూస్త. గాలమేసేటోణ్ని, ఏసినట్టు నటించేటోణ్ని నేను ఆమడ దూరంకెంచి గుర్తువడ్త," అన్నాడు.

"అబద్ధమని తేలితే?"

"తేలితే నాతోని కోరుట్లకు రా. నా ఇల్లు లేదా నీకు?"

ఆ ఆదివారం మధ్యాహ్నమే బస్సు దిగాడు, డబ్బాలో కోడిపేగులు పట్టుకుని మరీ. మా ఆయన ఏదో షెడ్డులో పనిమీద ఉన్నాడు. తలుపు దగ్గరికి వేసి, ఇద్దరం ఆయన చేపల సంచిని నేలమీద కుమ్మరించాం. పోలీసులు కూడా అంత శ్రద్ధగా సోదా చేయరు. తమ్ముడు ఒక్కో వస్తువూ ఎత్తడం, దాని గురించి చెప్పడం. నాకు వాలుగ విద్య అలా వచ్చింది.

"వాలుగకు కండ్లతోని పని తక్వ, ముక్కుతోని ఎక్వ," అంటూ మొదలుపెట్టాడు. కోడిపేగులను ఒక పూట ఎండలో పెట్టి గబ్బు పుట్టించి గుచ్చాలట. ఎర్రలు, అంటే వానపాములు, కూడా పనికొస్తాయి గానీ వాటికి చిన్న జెల్లలే ఎక్కువగా పడతాయట. జెల్ల రెక్క ముల్లు గుచ్చుకుంటే చెయ్యి తెల్లారేదాకా సలుపుతుంది, గుడ్డతో పట్టుకోవాలి. తమ్ముడు మా ఆయన ఎర డబ్బా మూత తీశాడు. కంపుకు నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

"ఎర అయితే అసల్దే," అన్నాడు వాడు కొంచెం నిరాశగా.

గాలం కొక్కెం పైన జానెడు ఇనుప తీగ ఉంది. అదీ సరైనదేనట. వాలుగ నోటి నిండా పళ్లే, వట్టి నైలాన్ దారమైతే కొరికేస్తుంది. ఎర నీళ్ల అడుగున పడాలి, పైన తేలకూడదు, అందుకు సీసపు గుండు కట్టాలి. అదీ ఉంది. మబ్బు పట్టి ఉక్కపోసే రాత్రి మంచిది, వెన్నెల పనికిరాదు. కొత్త నీళ్లు చెరువులోకి వచ్చే చోట గానీ, తూము దగ్గర గానీ కూర్చోవాలి. లైటు నీళ్ల మీద పడనివ్వకూడదు. నేల అదిరేలా నడవకూడదు, వాలుగ అడుగుల చప్పుడు ఒడ్డునుంచే కనిపెడుతుంది.

"ఇంకొకటి ఇను. దారం గుంజంగనే ఎగదన్నొద్దు. అది నోట్ల వెట్టుకుని మెల్లగ మర్లుతది. మర్లినంక గుంజాలె. తొందరవడితే ఎర పాయె, శాప పాయె."

సంచిలో సబ్బుబిళ్ల బయటపడింది. తమ్ముడు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "సబ్బు వాసనున్న చేతులతోని ఎర గుచ్చితే వాలుగ దగ్గరికి కూడ రాదు. శాపల సంచిల సబ్బేందే?"

"నేననలే? ఆమె దగ్గరికి పోయే ముందు కడుక్కుంటడు!" అన్నాను. గబ్బు చేతులతో ఇంటికి రావద్దని ఎండాకాలంలో నేనే పోరు పెట్టిన సంగతి అప్పుడు నాకు గుర్తు రాలేదు. అనుమానం ఉన్నప్పుడు మనకు పనికొచ్చేవే గుర్తుంటాయి.

తమ్ముడు ఖాళీ సంచిని ఇంకోసారి దులిపాడు. "గజ్జె ఏది?"

"ఏం గజ్జె?"

"ఎప్పుడన్న నాతోని శాపలకు అస్తడేమోనని దసరాకు నేనే ఇచ్చిన గదా బావకు, ఇత్తడిది. చీకట్ల దారం కనవడ్తదా? గాలం కట్టె కొనకు గజ్జె కట్టాలె. శాప ముడితే గల్లుమంటది. గది లేకుంటే రాత్రి ఎవలన్న గాలమేస్తరా?"

ఇల్లంతా వెతికాం. చివరికి ఆయన పానలూ పనిముట్లూ పెట్టుకునే డబ్బా అడుగున, గ్రీసు గుడ్డలో చుట్టి ఉంది. ఒక్కసారి కూడా వాడినట్టు లేదు, కొత్త మెరుపు పోలేదు. తమ్ముడు దాన్ని చెవి దగ్గర ఊపి విన్నాడు. చక్కగా మోగింది.

"అక్కా," అన్నాడు గొంతు తగ్గించి, "మిగిలినయన్ని సూపియ్యనీకి వెట్టుకోవచ్చు. గజ్జె ఇంట్ల వెట్టి రాత్రి గాలమేసేటోణ్ని నేనైతే సూడలే. బావ శాపలకు పోతలేడు."

ఇన్నాళ్లూ తిట్టుకున్నా, ఎక్కడో ఒక మూల, కాదేమో అన్న ఆశ ఉండేది. లేచి వెళ్లి రెండు చీరలు సంచిలో పెట్టుకున్నాను. మిషను మోసుకుపోలేను కాబట్టి దాని బాబిన్ కేసు ఊడదీసి కొంగుకు కట్టుకున్నాను. ఆ ఇంట్లో ఇంకెవరు కూర్చున్నా ఆ మిషను మీద కుట్టకూడదు.

రాత్రి ఆయన ఎప్పటిలాగే వెళ్లాడు. తమ్ముణ్ని చూసి కూడా ఆగలేదు, "పండుకో బామ్మర్ది" అని భుజం తట్టి పోయాడు. అదీ తప్పే నా కళ్లకు. ఇంటికొచ్చిన బామ్మర్దిని వదిలేసి పోతాడా ఎవడైనా? కొంచెం వెనకగా ఇద్దరం బయలుదేరాం.

మబ్బు కమ్మి ఉక్కగా ఉంది, తమ్ముడి లెక్క ప్రకారం మంచి వాలుగ రాత్రి. కట్ట ఎక్కగానే వాడు చెప్పులు చేత పట్టుకోమన్నాడు. మలుపులో హోటలు రేకులు దించి ఉన్నాయి, లోపల సన్నగా వెలుతురు, నవ్వులు. ఆమె గొంతే. రేకుకు చెవి ఆనించాను. ఫోన్లోంచి ఒక మగగొంతు, వీడియో కాల్ చేస్తున్నట్టుంది. "ఏం కూర వండినవే?" అని అడుగుతున్నాడు మస్కట్‌లో మొగుడు. ఆమె గునుస్తూ ఏదో చెప్తోంది. అంత దూరంలో ఉన్న మొగుడితో అన్ని మాటలు. నాకు కోపం పోయి ఏడుపొచ్చింది.

"ఈమె కాదు, ఇంకెవలో," అన్నాను తమ్ముడితో. అనుమానం అంత తేలిగ్గా వదులుతుందా.

తూము దగ్గర రాళ్ల మీద ఒక మనిషి కూర్చున్న ఆకారం కనిపించింది. మావైపు వీపు. ఒక్కడే. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక ఇంకొంచెం దగ్గరికి వెళ్లాం. గాలం కట్టె లేదు. దారాన్ని చూపుడువేలికి రెండు చుట్లు చుట్టుకుని, ఆ చేతిని మోకాలి మీద ఆనించి, కదలకుండా కూర్చున్నాడు. సాంచె మీద పోగు బిగువు చూసేటప్పుడు అలాగే పెడతాడు వేలు.

"ఎవలికోసమో ఎదురుసూస్తున్నడు," అన్నాను గుసగుసగా.

చాలాసేపు చూశాం. ఎవరూ రాలేదు. దోమలు తినేస్తున్నాయి, నా ఓపిక అయిపోయింది.

"ఏమయ్యా!" అని పిలిచాను.

ఉలకలేదు, పలకలేదు. పట్టుబడ్డాక ముఖం చూపించలేక అలా కూర్చున్నాడనుకున్నాను. ఇంకా దగ్గరికి వెళ్లి, మా వాడ గొంతుతో పిలిచాను. చుట్టుపక్కల కప్పలన్నీ టక్కున నోరు మూసుకున్నాయి. ఆయన కదల్లేదు.

"బావా! ఓ బావా!" తమ్ముడు అరిచాడు. లేదు.

"పొగరు సూడు!" అన్నాను పళ్లు కొరుకుతూ. ఆ మాట నోట్లోంచి వస్తుండగానే హోటలామె అన్నది గుర్తొచ్చింది. వెనకనుంచి ఎంత పిలిచినా మళ్లి చూడడని.

అప్పుడే కట్ట మీదినుంచి ఒక మోటర్‌సైకిల్ వచ్చింది. మేం దారికి అడ్డంగా ఉన్నామని మా వెనక్కి వచ్చి గట్టిగా హారన్ కొట్టింది. నేను ఎగిరిపడ్డాను, తమ్ముడు పక్కకు దూకాడు. లైటు మా పక్కనుంచి మట్టి మీదుగా పోయింది. ఆయన మాత్రం తల కూడా తిప్పలేదు.

పోగుచేసినవన్నీ మళ్లీ గుర్తొచ్చాయి. ఎత్తని ఫోను, నా పెదవుల మీద నిలిచే చూపు, అనాల్సిన చోట అనని ఊఁ, గ్రీసు గుడ్డలో గజ్జె. పక్కన తమ్ముడి చెయ్యి నా చెయ్యి పట్టుకుంది. వాడికీ అర్థమైంది.

ఇంతలో ఆయన వేలు కదిలింది. వెంటనే లాగలేదు. దారాన్ని కొంచెం పోనిచ్చాడు, ఆగాడు, అప్పుడు లేచి గుంజాడు. తమ్ముడు చెప్పినట్టే. వాలుగ రాళ్లమీద పడి తపతపా కొట్టుకుంది. దాన్ని గుడ్డతో అదిమి పట్టి ఇటు తిరిగాడు, మమ్మల్ని చూసి బెదిరిపోయాడు.

"ఎప్పుడచ్చిన్రు? ఏమైంది?"

నేను గబగబా ఏదేదో అన్నాను. ఏడుస్తూ, తిడుతూ, నీ చెవులకేమైందని అడుగుతూ. చీకట్లో ఆయన ముఖం నాకు సరిగ్గా కనిపించలేదు, నా ముఖం ఆయనకూ కనిపించలేదు. కాసేపు చూసి, బెరుకుగా, "ఆఁ, ఆఁ, పెద్దదే పడ్డది," అన్నాడు.

ఫోన్ తీసి లైటు వేసి నా ముఖం మీదికి తిప్పుకున్నాను. సాంచె ఆగిపోయిందని చెప్పడానికి షెడ్లలో అరచెయ్యి అడ్డంగా ఊపుతారు. నా చెవి చూపించి, ఆ సైగ చేశాను.

ఆయన ఆ చేతిని చూశాడు. తర్వాత రాయి మీద కూలబడ్డాడు.

"ఆఁ. ఆగింది," అన్నాడు. "ముందుగాల సన్నటి సప్పుళ్లు పోయినయ్. పిట్టలు, ఫోను, గజ్జె. గటెన్క నీ మాట. నువ్వు ఎదురుంగుంటె నీ పెదిమెలు సూసి తెలుసుకుంట. లైటు బందైతే నాకేం తెల్వది. నువ్వు మాట్లాడ్తనే ఉంటవ్. ఊఁ అనాల్నో, వద్దనాల్నో తెల్వక పరేషానయితుండె. గందుకే నువ్వు లైటు ఆర్పే యాల్లకు ఇటు అస్తున్న."

"నాకెందుకు చెప్పలే?" పెదవులు విడివిడిగా కదుపుతూ అడిగాను.

"నీ నోట్ల నువ్వుగింజ నానదు గదనే. సప్పుడు ఇనవడని మేస్త్రిని ఏ ఆసామి పిలుస్తడు? పిల్లల సదువులేం గావాలె?"

కోపం రావాల్సిన మాటే. రాలేదు, ఎందుకంటే అబద్ధం కాదు.

తర్వాతి సంగతి క్లుప్తంగా చెప్పి మళ్లీ ఆ గట్టుకే వస్తాను. సిరిసిల్లలో చూపిస్తే వాడంతా తెలుస్తుందని, తమ్ముడికి తెలిసిన చెవుల డాక్టరు దగ్గరికి జగిత్యాల తీసుకెళ్లాం. పోయింది తిరిగి రాదన్నాడాయన. చెవికి పెట్టుకునే మిషను ఇచ్చాడు, కొంత నయం. ఇప్పుడు మా ఆయన సాంచె మీద అరచెయ్యి ఆనించి, అదురును బట్టి జబ్బు కనిపెడతాడు. కొందరు ఆసాములు ఇంకా పిలుస్తున్నారు, కొందరు మానేశారు. వాళ్లకు ఆయనే చెప్పుకున్నాడు. ఆయన చెప్పుకునేదాకా ఆ నువ్వుగింజ నా నోట్లోనే ఉంది, అందుకు నా తమ్ముడే సాక్షి.

ఆ రాత్రి మాత్రం ఇంకా అయిపోలేదు. ఆయన నా కొంగుకున్న బాబిన్ కేసును చూశాడు, భుజాన ఉన్న సంచిని చూశాడు. "మరి గిన్ని రాత్రులు చీకట్ల ఏం మాట్లాడినవే? నాకొక్క ముక్క తెల్వది. ఇప్పుడు చెప్పు," అన్నాడు.

"అక్కా, లైటు ఆర్పు! శాపలన్ని పోతయ్!" వెనకనుంచి తమ్ముడు.

"పోనియ్‌రా."

లైటును ముఖానికి ఇంకొంచెం దగ్గరగా పెట్టుకున్నాను. పురుగులు వచ్చి కళ్లలో పడుతున్నాయి. మిగతా మాటలన్నీ ఎటో పోయాయి, ఒక్కటే మిగిలింది. తమ్ముడు వింటాడన్న సిగ్గు కూడా లేకుండా, ఒక్కో మాటా విడమరిచి అడిగాను. ఆపరేషనైనంక నేను నీకు పనికిరానైతినా, నా మీద ఇంక మనసున్నదా, లేదా అని.

ఆయన నా పెదవులనే చూశాడు. ఇంకోసారి చెప్పమన్నట్టు చెయ్యి ఊపాడు. మళ్లీ అడిగాను.

"గిది... గిదెప్పుడు అడిగినవే?"

"చలికాలంల."

చేతిలోని గుడ్డ జారిపోయింది, వాలుగ రాళ్లమీదుగా దొర్లి నీళ్లలో పడింది. ఆయన అటు చూడలేదు.

"గప్పటిసంది," అన్నాడు, "నేను ఇని గూడ జవాబియ్యలేదనుకునే నా పక్కల పండుకుంటున్నవా?"